కాంటా ఎక్కిన పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేసి, "అమ్మ పోయింది చెల్లే," అన్నాడు. కాజీపేట దవాఖానలో, నిద్రలోనే. పశువుల డాక్టరుగా రిటైరై, ధర్మసాగర్ దగ్గర పొలంలో రెండు గుర్రాలు పెంచుకున్న మా పెద్దమ్మ ఇక లేదు. నాకు స్వారీ నేర్పింది ఆమే.

నేను చిన్నప్పటి నుంచీ బొద్దుగా ఉండేదాన్ని. ఎక్కితే గుర్రానికి బరువవుతానని సిగ్గు. "దాని వీపు నిన్ను మోస్తది. నువ్వు తూలకుండ కూసుంటే చాలు," అనేది పెద్దమ్మ. దాణా పెట్టాక రోజూ గుర్రం పక్కటెముకల మీద చెయ్యి రాసి చూసేది. "బొక్కలు చేతికి తగలాలె, కంటికి కనపడొద్దు. గట్లుంటేనే దూరం పోతది."

పాలంపేట వైపు మట్టి దారుల్లో దూరపు స్వారీ పోటీ పెట్టినప్పుడు నా పేరు ఇచ్చింది. బయలుదేరే ముందు జీనుతో సహా మనిషిని తూస్తారని తెలిసి, వారం ముందు నుంచే అన్నం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. కాంటా దగ్గరున్న మనిషి అంకె గట్టిగా చదివాడు. వెనక ఎవరో, "పాపం గుర్రం," అన్నారు. నవ్వులు. నా చెవులు కాలిపోయాయి.

పెద్దమ్మ నాకంటే లావు. పోటీలో లేదు. అయినా చెప్పులు విడిచి కాంటా ఎక్కింది.

"నాది గూడ సదువు నాయినా. గట్టిగ."

చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఇంకా సిగ్గేసింది, నా కోసం ఆమె అలా నిలబడాల్సి వచ్చిందని.

సగం దారిలో గుర్రాలకు పరీక్ష. నాకంటే ముందొచ్చిన సన్నటి యువకుడి గుర్రానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎంతసేపటికీ దాని గుండె వేగం తగ్గలేదు. డాక్టరు ఆపేశాడు. మాది నీళ్ళు తాగి, కాసేపట్లోనే కుదుటపడి పాసైంది. మళ్ళీ ఎక్కబోతే నాకే కళ్ళు తిరిగాయి. జీను పట్టుకునే కింద కూలబడ్డాను.

పెద్దమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకు చూసింది. "ఎప్పుడు తిన్నవే?"

వారం నుంచి అన్నం ముట్టలేదని చెప్పాను.

"గుర్రానికి నెలలకొద్ది దాణా పెట్టి తయారు జేస్తిమి. నువ్వు కడుపు మాడ్చుకొని వొస్తివి. సోయి తప్పి దాని మీద వాలితే అది ఎట్ల మోస్తదే?" కోపంగానే అంది. తనే వెళ్ళి పోటీలోంచి మా పేరు తీయించింది. ఆ తర్వాత నా పక్కనే నేల మీద కూర్చుని, సద్ది విప్పి, అందరూ చూస్తుండగా పప్పన్నం కలిపి పెట్టింది. ఏడుస్తూ తిన్నాను.

మరుసటి ఏడు పోటీ పూర్తిచేశాం, దాదాపు అందరికంటే వెనక. అప్పుడూ కాంటా ఎక్కుతుంటే సిగ్గేసింది. అన్నం మాత్రం తినే వెళ్ళాను.

ఈ మధ్య జబ్బు పెద్దమ్మను కరిగించేసింది. ఆఖరిసారి దవాఖానకు చూడబోయినప్పుడు, చక్రాల కుర్చీలో కూర్చోబెడదామని ఆమెను మంచం మీంచి ఎత్తుకున్నాను. చేతుల్లో ఏమీ లేనట్టుంది. ఇన్నేళ్ళూ నేను కోరుకున్న తేలిక ఇదేనా అని సిగ్గుతో ముఖం తిప్పుకున్నాను.

"జర నడుము పట్టుకోవే, పడిపోత," అంది.

కుర్చీలో కుదురుకున్నాక వీపు నిటారుగా పెట్టింది. రెండు చేతులూ ఒడిలో, కళ్ళెం పట్టినట్టు దగ్గరగా చేర్చింది. "పా," అంది. వరండా చివర తెరిచి ఉన్న తలుపు వైపు నేను మెల్లగా తోస్తుంటే, మడమలు కిందికి నొక్కి, ముందుకు చూస్తూ కూర్చుంది.