సింహాచలం పేరు మీద అద్దె

ఇనుప గనుల ఊరు బచేలిలో, కంపెనీ ఆస్పత్రిలో ఆయాగా చేసే ఇంద్రాణి ఏ మాటా మరిచిపోయే మనిషి కాదు. నాలుగేళ్ల కిందట కంపెనీలోనే పనిచేసే భర్త సింహాచలం పోయి, అతని బదులుగా ఆమెకు ఉద్యోగం వచ్చినప్పుడు, క్వార్టర్ల లైనులో అందరికీ పన్ను కాగితాలు రాసిపెట్టే ఉమామహేష్ టీ బడ్డీ దగ్గర ఓ మాటన్నాడు: "మొగుణ్ణి మింగి ఉద్యోగం తెచ్చుకుంది." సాయంత్రానికల్లా అది ఆమె చెవిన పడింది. అయినా ఏటా కాగితాలు మాత్రం అతని దగ్గరికే పట్టుకెళ్లింది. కాగితం రాసేవాడు ఎప్పుడో ఒకనాడు కాగితం మీదే జారతాడని ఆమె నమ్మకం.

ఈ ఏడాది పన్ను వాపసు ఆరు వేలు రావలసిన చోట నలభై ఆరు వేలు వచ్చి పడ్డాయి. భర్త వైద్యానికి విశాఖలో కుదువ పెట్టిన గాజులు విడిపించడానికి సరిపోయే సొమ్ము. ఇంద్రాణి బోసి చేతులు చూసుకుని, ఉమామహేష్ కొట్టుకు నడిచింది.

"ఏటి బాబూ, ఇంత ఒచ్చింది? ఆళ్లు తప్పుగాని ఏసేరా?"

"నా చేతి చలవొదినా. నా పదో వంతు పక్కనెట్టు."

"ఆ కాగితం ఓపాలి చూపించు."

చూపించాడు. పన్ను తగ్గేలా, ఆమె అద్దె ఇంట్లో ఉంటున్నట్టు రాసి ఉంది. కంపెనీ క్వార్టర్‌లో ఉండే మనిషి బయట ఎవరికీ అద్దె కట్టదని బచేలిలో పాలుతాగే పిల్లకైనా తెలుసు. ఇంటి యజమాని పేరు చోట సింహాచలం అని ఉంది, అతని పాన్ నంబరుతో సహా.

"ఈయన పేరెందుకు?"

"ఎవుడిదో ఒకటుండాల గదా. పాత నంబరు నా దగ్గరుంది. ఆయనొచ్చి అడుగుతాడా ఏటి?" అని నవ్వాడు.

ఇంద్రాణీ నవ్వింది. కమీషను చేతికిమ్మంటే నోట్లు లేవని చెప్పి, నాలుగు వేల ఆరు వందలు ఫోనులోనే పంపింది. దాని కింద 'అద్దె కాగితం రాసినందుకు' అని కూడా కొట్టింది. అతను మోగిన ఫోను కేసి చూడనైనా చూడలేదు.

సోమవారం సెలవు పెట్టి జగదల్‌పూర్ బస్సెక్కింది. పన్నుల ఆఫీసు మేడమ్ హిందీలో చెప్పింది: రిటర్ను సరిదిద్ది మళ్లీ వేయాలి, ఎక్కువ వచ్చినదంతా వడ్డీతో కట్టేయాలి. తర్వాత అడిగింది, రాసిందెవరని. ఇంద్రాణి తన ఫోను, భర్త మరణ ధ్రువపత్రం పక్కపక్కన పెట్టింది. అడగకపోయినా కొట్టు ఆనవాళ్లు చెప్పింది, ఇలాంటి కాగితాలు ఇంకా ఎవరెవరికి రాశాడో కూడా, ఒక్కో వేలూ మడుస్తూ.

గాజులు విశాఖలోనే ఉండిపోయాయి. రెండు నెలలు తిరగకుండా ఉమామహేష్‌కూ, అతను కాగితాలు రాసిన వాళ్లకూ నోటీసులు వచ్చాయి, కొట్టుకు తాళం పడింది. వడ్డీ ఎవడు కడతాడని లైను మగాళ్లంతా అతని గుమ్మం ముందు నిలబడ్డారు. అతను వెనక తలుపు నుంచి ఇంద్రాణి ఇంటికొచ్చాడు.

"ఒక్క మాట ముందు నాతో అంటే పోయీది గదొదినా. ఇప్పుడేటి చెయ్యమంటావు?"

ఆమె బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు.

"నన్నడుగుతావేటి బాబూ. అద్దె తీసుకున్నాయన్నడుగు."