చెక్కకు పట్టిన తొమ్మిది పాదాలు

నా ఇరవై రెండు పాదాల కవితను తొమ్మిదికి తగ్గించమన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. జాగీరు పోయి, తార్నాకలో రెండు గదుల అద్దెయింటికి వచ్చినా, నా మాటను కుదించమన్నవాళ్ళు అప్పటిదాకా లేరు.

"చెక్క గింతే ఉన్నది, దొరా. నీ జాగీరు లెక్క సాగదు," అన్నాడతను.

అరవైల చివరి రోజులవి. నేను యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. అతను మా పాత జాగీరు ఊరివాడే, మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాడు. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసేవాడు. మోటబావి దగ్గర బొక్కెన దించడానికి వెనక్కి నడుస్తున్న ఎద్దు బొమ్మ, దాని మీద నా కవిత, రెండూ ఒకే చెక్క మీద ఉండాలన్నది మా పంతం. అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. ఒక్క పాదానికి ఒక పూట పట్టేది. అది చూశాక నేనే కొట్టేస్తూ పోయాను. మిగిలిన తొమ్మిదిలో ఏడోది అతను చెప్పిందే: మోట ఎద్దు వెనక్కి నడిచేది భయంతో కాదని. నా పాదాలన్నిటికంటే అది బాగుంది. ఆ మాట మాత్రం అతనితో అనలేదు.

యూనివర్సిటీ పత్రిక చూసే లెక్చరరుగారు నేను పట్టుకెళ్ళిన మొదటి అచ్చును అటూ ఇటూ తిప్పారు.

"కవితను మామూలు అక్షరాల్లో వేద్దాం. బొమ్మ మూలన చిన్నగా ఉంటుంది. పేరు మీ ఒక్కరిదే చాలు. మీవంటి వారి పక్కన ఆ అబ్బాయి పేరెందుకండీ?"

"ఇద్దరి పేర్లూ లేకపోతే కవితే లేదు," అని కాగితం తీసుకుని వచ్చేశాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

సంతోషిస్తాడనుకుని అతనికి చెప్పాను. అతను ఉలి కింద పెట్టాడు.

"నన్నడిగినవా?"

"నీ పేరు కోసమే గదా కొట్లాడిన."

"పత్రికల పడితే గా అచ్చు చూపెట్టి డ్రాయింగ్ మాస్టర్ నౌకరీ అడుగుదామనుకున్న. వద్దనాల్నంటే నేనంట. నువ్వేంది, మీ తాత లెక్క మా తరఫున ఫైసలా చేసొచ్చినవ్?"

"అయితే నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అన్నాను. ఎవరినీ అలా అడిగిన అలవాటు లేదు నాకు.

అతను ఉలి మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

"ఇంక ఆయన కాడికి పోయేది లేదు. మనమే తీద్దాం. రుద్దుడు మాత్రం నీ పని."

మాకు ప్రెస్సు లేదు. చెక్క మీద కాగితం పరిచి గరిటె వీపుతో రుద్దాలి. మా అమ్మ గరిటె అడక్కుండానే తెచ్చాను. ఒక్క అచ్చుకు పావుగంట. అరచేతులు బొబ్బలెక్కాయి.

"జర నడుం వంచు, దొరా! నిలబడి రుద్దితే సిరా పట్టదు."

వంచాను. నలభై అచ్చులు తీశాం.

మర్నాడు పొద్దున లైబ్రరీకి పోయే దారిలో తాడు కట్టి వాటిని వేలాడదీశాం. విద్యార్థులు గుమిగూడారు. లెక్చరరుగారు కూడా ఆగారు.

"ఎవరి పని ఇది?"

నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకుని అతని వంక చూశాను.

"ఇద్దరిది సార్. కింద పేర్లు చెక్కినం, సూడుండ్రి."

ఆయన ఒకటి తీసుకుని మడవబోయారు.

"మడవకుండ్రి సార్, సిరా ఇంక ఆరలే. రెండు చేతుల్ల పట్టుకపోండ్రి."

డిపార్టుమెంటు దాకా ఆయన దాన్ని అలాగే పట్టుకుని నడిచారు.