బాపు కడుపులో నా ఎమ్మెస్సీ

ఆ రోజుల్లో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే ‘కెమిస్ట్రీ’ అని ఊరుకునేదాన్ని. సునాముఖి ఆకులోంచి విరేచనం చేయించే పదార్థాన్ని వేరు చేస్తున్నానని పెళ్లీడు పిల్ల నలుగురిలో చెప్పుకునే మాట కాదు కదా. (సూరత్ డిండోలిలో మా గల్లీవాళ్లు నన్ను ‘మందుల పిల్ల’ అనేవారు. ఏ మందో తెలిస్తే ఇంకేమనేవారో.) సూరత్ ఎండకి ఆకు ఎండబెట్టి, దంచి, స్పిరిటులో నానబెట్టి, వడగట్టి, చిక్కబరిచి, యాసిడ్ చుక్కలు వేస్తే అడుగున పసుప్పచ్చటి పొడి దిగాలి. నాకు మాత్రం ఎప్పుడు చేసినా జిగురుముద్దే దిగేది. చివరికి ఎలాగో పొడి వచ్చింది. కాలేజీలో ఉంచితే ఎవరైనా పారబోస్తారని భయపడి, ఆరబెట్టిన పొడిని చిన్న సీసాలో ఇంటికి తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాను. మర్నాడే పరీక్ష.

పొద్దున చూస్తే సీసా సగం ఖాళీ. బాపు (మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ) బాత్రూంలోంచి బయటికి రావడం లేదు. రోజంతా పవర్‌లూమ్ ముందు నిలబడే మనిషి, ఏళ్ల తరబడి మలబద్ధకంతో బాధపడుతున్నాడు.

“బాపూ, గా సీసల పొడి ఏమైంది?”

“జరంత ఏసుకున్న బిడ్డా,” లోపలినుంచి నీరసంగా గొంతు. “నువ్వు జేసిన మందు గదా. నాకంటె ముందుగాల బయటోళ్లు తింటె మంచిగుంటదా?”

నాకు ఏడుపొచ్చింది. “ఏడుస్తవేందే, మందు మంచిగనే పన్జేస్తుంది,” అంది అవ్వ, ఉప్పూ చక్కెరా నీళ్లలో కలుపుతూ. డాక్టరు వచ్చి చూసి భయం లేదన్నాకే కాలేజీకి పరుగెత్తాను.

పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన సీసా ఎత్తి చూసి, మిగతాది ఏదమ్మా అన్నాడు. మా నాన్న తినేశారు సార్ అని హిందీలో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, “ఔర్ అసర్?” అని, పనిచేసిందా అన్నట్టు అడిగాడు. పొద్దుటినుంచీ బాత్రూం చుట్టూనే తిరుగుతున్నారు సార్ అన్నాను. ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మా గైడ్ మేడమ్ ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. తర్వాత అడిగినవాటికి తడబడకుండా చెప్పాను. ఉన్న భయమంతా బాపు మీదే ఖర్చయిపోయింది మరి.

ఇంటికొచ్చేసరికి బాపు మంచం మీద వాలి మజ్జిగ తాగుతున్నాడు. “పాసైనవా?” అన్నాడు. అయ్యానన్నాను. “నాకెర్కనే. అసలు మాల్ అది,” అన్నాడు, తానే మార్కులు వేసినట్టు.

ఇప్పుడు మందుల కంపెనీలో నాణ్యత చూడటమే నా ఉద్యోగం. మొన్న మా అమ్మాయి మొదటిసారి పులుసు చేసి గిన్నె నా ముందు పెడితే, వాసన చూసి, “ఇందులో ఏమేం వేశావే?” అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. బాపు ఆ మాట అడగనే లేదు.