తాళం పడిన రికార్డు

రాయదుర్గంలో మా ఆఫీసు. ఒక ఆస్పత్రి వాడే సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది వస్తే ఫోన్లో విని సరిచేయడం నా ఉద్యోగం. ఒక మధ్యాహ్నం అక్కడి మార్చురీ కౌంటర్‌లో పనిచేసే ఆవిడ ఫోన్ చేసింది.

"సార్, జర జల్ది చూడుండ్రి. ఒక పెద్దాయన పోయిండు, ఆయన బిడ్డ వచ్చి పొద్దుగాల సంది కూసుంది. శవాన్ని ఇద్దామంటే నా స్క్రీన్ సేవ్ అయితలేదు."

డేటాబేస్‌లో చూశాను. మందుల కౌంటర్‌లో ఎవరో ఆ పెద్దాయన రికార్డు తెరిచి, మూయకుండా భోజనానికి వెళ్లారు. ఒకరు తెరిస్తే, మూసేదాకా ఇంకొకరు మార్చడానికి వీల్లేకుండా రికార్డుకు తాళం పడుతుంది. మా సాఫ్ట్‌వేర్‌ను అలాగే కట్టారు. ఈవిడ సేవ్ నొక్కిన ప్రతిసారీ ఆ తాళం కోసం స్క్రీన్ కాసేపు ఎదురుచూసి, టైమ్ అయిపోయిందని ఎర్రర్ చూపిస్తోంది.

మందుల కౌంటర్‌లో తెరిచి ఉన్న ఆ సెషన్‌ను మా ఆఫీసు నుంచే తెంచేస్తే తాళం ఊడిపోతుంది. మా మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను.

"తొందరపడకండి. వాళ్లు ఎంటర్ చేసింది పోతే ఎవరు జవాబు చెప్తారండీ? ఆస్పత్రి వాళ్ల అప్రూవల్ రానివ్వండి," అన్నారాయన, మెయిల్ పెడుతూ.

అప్రూవల్ రాలేదు. మందుల కౌంటర్‌లో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. మార్చురీ ఆవిడ ఫోన్లోంచి ఆ కూతురి గొంతు వినబడింది: "మా నాయినను ఎందుకిస్తలేరక్కా?" ఆ గొంతులో ఏడుపు కూడా లేదు. చివరికి భోజనానికి వెళ్లినవాళ్లే తిరిగొచ్చి స్క్రీన్ మూశారు. నేను చేసిందేమీ లేదు.

మర్నాడు మేనేజర్‌కు చెప్పాను: స్క్రీన్ తెరిచినప్పుడు కాకుండా, సేవ్ చేసే క్షణంలోనే తాళం వేద్దాం. ఆలోగా ఇంకొకరు ఏమైనా మార్చి ఉంటే ఆ సంగతి చూపిద్దాం.

"బాగానే ఉందండి, కానీ అంతా తిరగరాసే టైమ్ ఎక్కడిది? ఎర్రర్ చూపించేముందు స్క్రీన్ ఎదురుచూసే సమయం పెంచేయండి, ఎర్రర్లు తగ్గుతాయి."

పెంచాను. ఎర్రర్లు తగ్గాయి. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు.

కొన్ని వారాలకు ఆవిడే మళ్లీ ఫోన్ చేసింది. "ఇప్పుడు ఎర్రర్ గూడ వస్తలేదు సార్. స్క్రీన్ గట్లనే నిలబడుతుంది. అయితదో కాదో ఎర్కయితలేదు. వచ్చినోళ్లకు ఏం చెప్పాలె?"

"చూస్తానమ్మా," అన్నాను. చూశాను. ఈసారి తాళం బిల్లింగ్ కౌంటర్ వాళ్లది. మేనేజర్ మళ్లీ మెయిల్ పెట్టారు.

ఆ తర్వాత ఆవిడ ఫోన్ చేయడం మానేసింది. స్క్రీన్ బాగుపడి కాదని నాకు తెలుసు.