కొబ్బరి గోతిలో మా తవ్వకాలు

కొబ్బరి గోతి అంచున విడిచిన నా కూతురి చెప్పు దానంతటదే కదిలింది. గాలి లేదు. చెప్పు ఒక పక్కకి వంగి లోపలికి జారిపోయింది. ఉతికిన బట్టలు చంకన పెట్టుకుని నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

తుఫానుకు పోయిన చెట్ల చోట మొక్కలు నాటడానికి తవ్విన గోతులవి. మా ఉద్దానంలో గొయ్యి తవ్వగానే మొక్క పెట్టరు, కొన్నాళ్ళు ఎండ తగలనిస్తారు. పిల్లలు ఒక గొయ్యిని ఇంకా లోతు చేసి, పక్కగోడలోకి గుహలా తొలుచుకుపోయారు.

ఆ పిచ్చి నేను ఎక్కించిందే. పలాసలో డిగ్రీలో చరిత్ర చదివాను. గోతులు తవ్విన ఆ ఏడాదంతా తవ్వకాల వార్తలు పేపర్లోంచి కత్తిరించి నోటుపుస్తకంలో అంటించాను. ఎడారిలో బయటపడ్డ రాజు సమాధి, తమిళనాడులో దొరికిన పాత ఇనుము, సముద్రం అడుగున ఓడ. ఆదివారం అన్నాలయ్యాక పిల్లలకు చదివేదాన్ని. "మన తోటలో ఏటుంటాదమ్మా?" అని ఆరేళ్ళ మావాడు అడిగితే, "తవ్వితే కదా తెలిసేది" అన్నాను.

బట్టలు వదిలేసి పరుగెత్తాను. కూతురు పైకి పాకి వచ్చేసింది. మావాడు మాత్రం గోడ కూలి చంకల దాకా ఇసుకలో ఉన్నాడు.

"అంచుకి రాకే! నీ బరువుకి మిగిలింది కూడా దిగిపోద్ది" అని మా అత్త వెనకనుంచి అరిచింది. ఎండిన కొబ్బరి కమ్మలు రెండు ఈడ్చుకొచ్చి అంచున పరిచి, వాటి మీద బోర్లా పడుకుంది. ఆవిడ పుట్టింటివాళ్ళు నూతులు తవ్వేవాళ్ళు. ఇసుక నేలలో అలాగే చేస్తారట. నన్ను కాళ్ళు పట్టుకోమని, చేతులతో ఇసుక తోడింది. ఎంతసేపో తెలియదు. ఆవిడ మడమల పగుళ్ళు మాత్రం గుర్తున్నాయి.

బయటికి లాగిన వాడి పిడికిట్లో ఎర్రటి పెంకు ఉంది.

"అమ్మా, రాజులనాటిది!"

అత్త దాన్ని తిప్పి చూసింది. "రాజులదేటిరా గుంటడా! నేను బద్దలెట్టిన గంజికుండ. మీ అమ్మకి సెప్పు, పేపర్లో ఏయిత్తాది."

కూతురు నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కింద పడ్డ బట్టలు మళ్ళీ ఉతికాను. అన్నం వండాను. మూలపేట పోర్టు పనినుంచి వచ్చిన మా ఆయనకు జరిగింది అత్తే చెప్పింది. ఆయన వాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కూర వడ్డించాను. ఉప్పు వెయ్యలేదని ఎవరూ అనలేదు.

పిల్లలు పడుకున్నాక పారేద్దామని నోటుపుస్తకం తీశాను. ఫొటోలు చూశాను. గొయ్యి లోతుగా ఉన్న ఫొటోల్లో దాని గోడలు మెట్లుమెట్లుగా దిగాయి. ఏడాది పొడుగునా దొరికిన వస్తువులనే చూశాను, ఆ గోడల్ని చూడలేదు.

పొద్దున్న ఆ ఫొటోలే పిల్లల ముందు పెట్టాను. "ఏం దొరికిందో చదివాను గానీ, ఎలా తవ్వారో మీకు చదవలేదు. ఈ మెట్లు చూడండి. గోడ మనిషి మీద పడకుండా ముందు ఇవి కోస్తారు. నేను చెప్పాల్సింది, చెప్పలేదు. గోతులకి ఎండ తగిలింది చాలు. నాన్న ఈవేళే మొక్కలు పెట్టేస్తారు."

"మరి పెంకు?" అన్నాడు వాడు.

"నాయనమ్మది కదా, ఇచ్చెయ్యి" అన్నాను.