కల్లంలో దగ్గు

పోయిన నెల ఇంటికొక పార్సిల్ వస్తే విప్పీ విప్పగానే వరసగా మూడు తుమ్ములు తుమ్మాను. లోపల ఉన్నది అట్ట ఊడిపోయిన పొడుగు రిజిస్టరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాని పేజీల మధ్య మిరపకాయ పొడి ఉంది. ఘాటు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మా ఊరి సబ్‌సెంటర్ పాత గది పడగొడుతుంటే అటక మీద దొరికిందట. ఇప్పుడక్కడ పనిచేస్తున్న నర్సమ్మ ఫోన్ చేసి, "ఖాసింబీ గారి చేతిరాతండీ మేడమ్, చిత్తుకాగితాల్లో వెయ్యబుద్ధి కాలేదు, మీకు పంపనా?" అంది. పంపమన్నాను.

ఖాసింబీ మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క. చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వెళ్ళే దారిలో, పత్తి చేలూ మిరప చేలూ తప్ప ఇంకేమీ కనపడని మా ఊళ్ళో ఆవిడే నర్సు. అంటువ్యాధి ఒక ఊళ్ళోంచి ఇంకో ఊళ్ళోకి ఎలా పాకుతుందో, ఎప్పుడు తగ్గుతుందో లెక్కలు కట్టి చెప్పడం నా ఉద్యోగం. విశ్వవిద్యాలయంలో పాతికేళ్ళుగా అదే పని. మీ గురువెవరని సభల్లో అడిగినప్పుడల్లా పెద్ద చదువుల వాళ్ళ పేర్లే చెప్పాను తప్ప ఆవిడ పేరు ఒక్కసారీ చెప్పలేదు. చెబితే ఆ మిరప కల్లం సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని భయం.

పిల్లలు లేని పెద్దమ్మ నన్ను మూడో తరగతిలో తెచ్చుకుని పెంచుకుంది. పెదనాన్న దూదేకేవాడు. కొత్త పత్తి వచ్చే రోజుల్లో మా వసారాలో పొద్దున్నించీ ఆయన విల్లు టంగు టంగుమంటూ మోగుతుంటే దూది గాల్లోకి లేచి మా జడల మీదా, ఎండలో పెట్టిన వడియాల మీదా, పెద్దమ్మ ఇస్త్రీ చేసుకున్న తెల్లచీర మీదా వాలేది, ఆవిడ కసిరేది, ఆయన నవ్వేవాడు. పీర్ల పండక్కి రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి, యాలకులు కలిపి చేసిన మలీదా ముద్దలు కులం చూడకుండా ఊరంతా పంచేవాళ్ళం. మాఘమాసం వచ్చేసరికి మాత్రం ఊరి రంగే మారిపోయేది. ఎటు చూసినా కల్లాల్లో ఆరబోసిన ఎర్రటి కాయలు, కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చిన కూలీల పట్టా గుడిసెలు, రోట్లో చింతపండు వేసి నూరిన పండుమిరపకాయ పచ్చడి వాసన. ఆ మూడు నెలలూ ఊళ్ళో దగ్గని మనిషుండడు. కళ్ళు ఎర్రగా, ముక్కులు కారుతూ, అందరం అప్పుడే ఏడ్చి వచ్చినట్టుండేవాళ్ళం.

అప్పట్లో అమ్మవారు పోసినా, తట్టు వచ్చినా ఆ ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవారు. మా సాయిబుల ఇళ్ళలోనూ కట్టేవాళ్ళం. ఆ మండ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాలింపు వెయ్యరు, బయటివాళ్ళు గడప తొక్కరు, ఆ ఇంటివాళ్ళు కూలికి పోరు. బడి వదలగానే తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ వీధులన్నీ తిరిగి ఎన్ని గుమ్మాలకి మండలున్నాయో లెక్కపెట్టి పెద్దమ్మకి చెప్పడం నాకొక ఆట. నేను చెప్పిన అంకె ఆవిడ రిజిస్టరులో ఎక్కితే నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

నేను ఐదో తరగతిలో ఉండగా తట్టు వచ్చింది. సంక్రాంతి ముందు పదకొండు గుమ్మాలకి మండలున్నాయి. కోతలు ముమ్మరమయ్యాక ఒక సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చి, "మూడే పెద్దమ్మా! తగ్గిపోయింది" అన్నాను.

ఆవిడ రిజిస్టరులో మూడు వేసి, దాన్నే చూస్తూ కలం మూసేసింది. "పని లేనప్పుడు పదకొండూ, పనున్నప్పుడు మూడూనా? అదేం జబ్బే, కోతలు చూసుకుని తగ్గడానికి?"

నేను తల వంచుకున్నాను. ఎందుకంటే నాకు తెలుసు. కల్లం పక్క గుడిసెలో ఉండే సుంకులమ్మ నా ఈడుది, చింతపిక్కలాటలో నా జట్టు. దాని తమ్ముడు బుడ్డోడు, ఏడాది వాడు, మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోతూ గోనెపట్టా మీద పడున్నాడు. "మీ పెద్దమ్మకి చెప్పొద్దు మే. చెప్తే మేస్త్రి మమ్మల్ని ఊరికి తోలేస్తాడు" అని అది నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు నిలబెట్టుకోవడం గొప్ప అనుకున్నాను. పైగా నా మూడు అంకె అందంగా ఉంది.

పెద్దమ్మ టార్చిలైటు తీసుకుని అప్పటికప్పుడు కల్లానికి బయల్దేరింది, వెనకాలే నేను. కూలీల మేస్త్రి ఎదురొచ్చి, "మిరపకాయ ఘాటమ్మా, పిల్లోళ్ళకి మామూలే" అన్నాడు. నిజమే, అక్కడ పెద్దవాళ్ళు కూడా దగ్గుతున్నారు, పెద్దమ్మ కూడా దగ్గుతోంది. తట్టుకి మొదట కనపడేవి దగ్గు, కారే ముక్కు, ఎర్రటి కళ్ళు. మిరప కల్లంలో ఎవరికి లేవవి? ఆవిడ వాటి జోలికి పోలేదు. ఒక్కొక్క పిల్లనీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నోరు తెరిపించి, బుగ్గ లోపల లైటు వేసింది. నాలుగో పిల్లకి ఉప్పురవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనపడ్డాయి.

"ఘాటు బుగ్గలోపల చుక్కలు పెట్టదయ్యా" అంది మేస్త్రితో.

గుడిసె గుడిసెకీ తిరిగాం, చివరి దాన్లోకి మాత్రం నన్ను బయట నిలబెట్టి ఆవిడొక్కతే వెళ్ళొచ్చింది. మొత్తం పంతొమ్మిది మంది తేలారు. మేస్త్రి వాళ్ళని తెల్లారేసరికి ఊరికి పంపేస్తానన్నాడు. పెద్దమ్మ నేరుగా ఆ కల్లం రైతు దగ్గరికి పోయి, "పంపకండి. పోయే దారిలో ఎన్ని ఊళ్ళు దిగుతారో అన్ని ఊళ్ళకీ అంటిస్తారు. జబ్బున్న ఇంటి పెద్దల్ని పనిలోంచి తీసెయ్యకండి, అప్పుడు దాచరు" అంది. ఆ రెండు మాటల్లో ఉన్నదాన్నే నేను తర్వాత డాక్టరేటు కోసం మూడొందల పేజీల్లో రాశాను. రైతు ముందు గొణిగాడు గానీ ఆవిడ ముందు ఎవరి మాట నిలుస్తుంది? రెండు గుడిసెలు విడిగా వేయించి, మిగతా పిల్లలకి టీకాలు తెప్పించి, కంటిచూపు పోకుండా విటమిన్ మందు చెంచాతో తాగించి, పది రోజులు ఆ కల్లంలోనే కూర్చుంది.

మొదటి రోజు ఇంటికి తిరిగొస్తూ, "నాకు ముందే తెలుసు పెద్దమ్మా. మూడు రోజుల్నించీ" అని ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ ఆగి, కొంగుతో నా ముక్కు తుడిచింది.

"ఇంకెప్పుడూ దాచబాక."

"అందరికీ తగ్గుద్దా?"

"బుడ్డోడికి తగ్గుద్దిలే" అంది.

తగ్గింది. తర్వాత పైఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఈ చుట్టుపక్కల ఎక్కడా లేని జబ్బు మీ సెంటర్లోనే ఎందుకుందని గద్దించాడు. "నేను చూశాను కాబట్టి ఉందండీ" అంది పెద్దమ్మ. ఆ ఒక్క జవాబు చాలు, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు.

కంటికి కనపడని కేసుల కోసం మా సమీకరణాల్లో ఒక అక్షరం వేస్తాం. దానికి ఎంత విలువ ఇవ్వాలన్న దాని మీదే నా సగం జీవితం గడిచింది. మొన్న ఒక విద్యార్థిని, ఏదో జిల్లాలో ఫిబ్రవరి రాగానే కేసుల గీత కిందికి జారిపోయే గ్రాఫ్ పట్టుకుని సంబరంగా వచ్చింది. "ఆ నెలల్లో అక్కడ ఏం పనులుంటాయో కనుక్కున్నావా అమ్మా?" అని అడిగాను.

ఇప్పుడు మా ఊళ్ళో గుమ్మాలకి వేపమండలు లేవు. తట్టూ అరుదైపోయింది, సంతోషం. పెదనాన్న విల్లు చప్పుడు లేదు, పరుపులన్నీ బజారువే. వివరాలన్నీ నర్సమ్మ ఫోన్లోంచే వెళ్ళిపోతాయి. పెద్దమ్మ పోయి ఆరేళ్ళయింది.

రిజిస్టరులో ఆ రోజు పేజీ వెతికి పట్టుకున్నాను. నా మూడు కొట్టేసి పంతొమ్మిది అని రాసి ఉంది. దాని పక్క గడి నేనెప్పుడూ చూడలేదు. అది మరణాల గడి. అందులో ఒకటి ఉంది. చివరి గుడిసెలో ఎనిమిది నెలల ఆడపిల్ల, మేం వెళ్ళేసరికే పోయింది. నన్ను బయట నిలబెట్టి ఆవిడొక్కతే వెళ్ళిన గుడిసె అదే. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "మూడు రోజులు ఆలస్యం. నేను కల్లానికి పోలేదు. తప్పు నాది." కింద సంతకం.

నేను దాచిన ఆ మూడు రోజుల్నీ పెద్దమ్మ తన పేరు మీద రాసుకుంది. నాకు మాత్రం, బతికినన్నాళ్ళూ, ఒక్క మాట చెప్పలేదు.