మైకక్క ఊపిరి

బస్టాండులో ఆమె ముఖం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. పై అంతస్తులో, గాజు కిటికీ వెనక, రెండు కుర్చీలు పడితే మూడోది పట్టని గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. డ్రైవర్లకీ కండక్టర్లకీ ఆమె మైకక్క. ఆ పేరు ఎంత నాటుకుపోయిందంటే, కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆమె భర్త కూడా ఒకసారి చుట్టాల ముందు 'మా మైకక్క' అని నోరు జారి, వాళ్ళు వెళ్ళిపోయాక చివాట్లు తిన్నాడు.

ఆమెకొక గర్వం ఉండేది. ఎంత పొడుగు రూటయినా బస్సు నంబరుతో మొదలుపెట్టి ఆఖరి స్టాపు దాకా ఒకే ఊపిరిలో చెప్పేది. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. కొత్తగా చేరిన కండక్టర్లు కింద నిలబడి, ఆమెతోపాటు తామూ ఊపిరి బిగబట్టి, సగంలోనే ఓడిపోయి నవ్వుకునేవారు.

ఆ ఏడు వానాకాలంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకుని మాత్రలు మింగుతూ ఉద్యోగానికి వెళ్ళింది. చివరికి అది న్యుమోనియా అని తేలి, ఆస్పత్రి మంచం ఎక్కాల్సి వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నాక ఇంటికి పంపిస్తూ డాక్టరు మందులు రాసిచ్చి, ఊపిరితిత్తులు కోలుకోవడానికి టైము పడుతుందనీ, మెల్లగా నడవమనీ, తొందరపడొద్దనీ చెప్పింది.

తొందరపడకుండా ఉండటం ఆమె జాతకంలో లేదు. కాస్త తేరుకోగానే మైకు ముందు కూర్చుంది. గొంతు పాతదే, ఊపిరే పాతది కాదు. సగం స్టాపులు చెప్పేసరికి మాట తెగిపోయింది, ఆ తర్వాత దగ్గు. మైకు ఆపడం కూడా మరిచిపోవడంతో ఆ ఆయాసం బస్టాండంతా విన్నది. స్టేషన్ మేనేజరు మంచివాడే. ఆమెను ఒక్క మాటా అనలేదు. కానీ వారం తిరక్కుండా మైకు గదిలోకి రికార్డు చేసిన గొంతున్న యంత్రం వచ్చింది, ఆమె కిందికి, పోయిన వస్తువుల గదిలోకి వచ్చింది. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరిదో కృత్రిమ పళ్ళసెట్టు. వాటి మధ్య కూర్చుని, నెత్తి మీద స్పీకర్లోంచి వచ్చే ఆ పరాయి గొంతును రోజంతా వినాలి. అది ఎప్పటికీ అలిసిపోదు. అదే ఆమెకు మండేది.

వాళ్ళ ఇల్లు ఒక పాత భవనంలో పై అంతస్తు. దాని మీద మేడ. ఆ మేడ మీద రోజూ తెల్లవారుతూనే కింది వాటాలోని పెద్దాయన ఒకరు నిలబడి, చేతులు మెల్లగా పైకెత్తుతూ, దించుతూ, కంటికి కనిపించని గోడకు సున్నం వేస్తున్నట్టు కదిలేవాడు. ఆయనకు గాలిమేస్త్రి అని పేరు పెట్టింది మైకక్కే. భవనంలో అందరూ చాటుగా అదే పేరుతో పిలిచేవారు.

ఒకరోజు మెట్లెక్కి వస్తూ ఆమె మధ్యలో ఆగిపోయింది. కూరల సంచీ పక్కన పెట్టి, రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతుంటే ఆ పెద్దాయన వెనకనుంచి వచ్చి, సంచీ తీసుకుని, ఆమెను దాటి చకచకా పైకెక్కి, గుమ్మం దగ్గర పెట్టి దిగి వచ్చాడు. వయసులో ఆమె తండ్రి లాంటివాడు. ఆయన ఊపిరి మామూలుగానే ఉంది. ఆమె కన్ను అక్కడ పడింది.

మర్నాడు మేడ ఎక్కింది. ఎలా అడగాలో తెలియక, బట్టలు ఆరేయడానికి వచ్చినట్టు ఒక తువ్వాలు పట్టుకుని నిలబడింది.

"గాలిమేస్త్రి దగ్గర పని నేర్చుకుంటావా అమ్మా?" అన్నాడాయన, ఇటు తిరక్కుండానే.

ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన మాత్రం ఆ పేరు తనకు నచ్చిందనీ, అసలు పేరుకంటే అదే బాగుందనీ చెప్పాడు. తాను ఓడల్లో ఇంజను మెకానిక్కుగా పనిచేశాననీ, ఒకసారి రిపేరు కోసం ఓడ ఒక దూరపు రేవులో నెలల తరబడి ఆగిపోతే అక్కడి కూలీల మేస్త్రి తనకిది నేర్పాడనీ అన్నాడు. దీన్ని చీగాంగ్ అంటారట. చీ అంటే ఒంట్లో ఊపిరితో పాటు తిరిగే శక్తి అట.

"నాకు ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు బాబాయ్ గారూ," అంది ఆమె, ఉన్నమాట.

"నమ్మక్కర్లేదు. నిలబడు చాలు. మందులు మాత్రం మానకు."

నిజంగానే ఆయన నేర్పింది నిలబడటమే. మోకాళ్ళు కొంచెం వంచి, భుజాలు వదిలేసి, నిండు బిందెను కావలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పట్టి, ఊపిరిని దాని దారిన పోనివ్వడం. కాసేపటికి తొడలు వణికాయి. ముక్కు మీద దురద పుట్టింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానేమోనని అనుమానం వచ్చింది. కిందికి దిగి వచ్చి, నిలబడటం నేర్పడానికి కూడా ఒక మాస్టారా అని భర్త దగ్గర విసుక్కుంది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ ఊరుకున్నాడు. అత్తగారు ఊరుకునే మనిషి కాదు.

"ఏమిటో దాని పేరు?"

"చీగాంగ్ అత్తయ్యా."

"పొద్దున్నే లేచి చీ ఏమిటే అమ్మాయ్! ఆ మాటేదో నన్ను అడిగితే నేనే రోజూ అనేదాన్నిగా."

అందరూ నవ్వారు. మైకక్క కూడా నవ్వింది. కానీ పట్టిందంటే ఉడుంపట్టు అని ఆమెకు పుట్టింట్లోనే పేరు. మర్నాడు మళ్ళీ మేడ ఎక్కింది, ఆ మర్నాడూ ఎక్కింది. కొన్నాళ్ళకు తొడల వణుకు తగ్గింది. ఒక చలి ఉదయం, రెండు అరచేతులూ ఎదురెదురుగా పట్టి మెల్లగా దగ్గరికీ దూరానికీ కదుపుతుంటే, వాటి మధ్య వేడి టీ గ్లాసు పట్టుకున్నంత వెచ్చదనం తగిలింది. అది చీనో, చేతులు కదపడం వల్ల పుట్టిన వేడో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ చేతుల్ని పొట్ట మీద ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది.

మైకుకు ఈ ఊపిరి చాలనుకుంది. మేనేజరు దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం రద్దీ లేని వేళ ఒక్కసారి మైకు ఇమ్మని అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆమె అన్నిటికంటే పొడుగు రూటే ఎంచుకుంది. గుండెల నిండా గాలి పీల్చి మొదలుపెట్టింది. మూడు వంతులు బాగానే నడిచింది. ఆఖరి స్టాపులు మిగిలి ఉండగా గొంతు పీలికలై, దగ్గు తెర కమ్మింది. కింద ఎవరో డ్రైవరు పాపం జాలిపడి చప్పట్లు కొట్టాడు. వెక్కిరించినా ఆమెకు అంత బాధ ఉండేది కాదేమో.

ఆ తర్వాత ఆమె మేడ ఎక్కలేదు. తెల్లవారినా ముసుగు తీయలేదు. పెద్దాయన పిలవడానికి రాలేదు. వచ్చింది అత్తగారు. వచ్చి, మంచం చివర కూర్చుని దుప్పటి లాగేసింది.

"పడుకుంటే వస్తుందా ఊపిరి?"

"నిలబడ్డా రాలేదుగా అత్తయ్యా."

"ఎవరు చెప్పారు రాలేదని? గోడకి ఇవతల పడుకునేదాన్ని నేను. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తల్లో నీ దగ్గుకి నాకు నిద్ర ఉండేది కాదు. ఆ ముసలాయన దగ్గరికి పోవడం మొదలెట్టాక హాయిగా పడుకుంటున్నాను. మళ్ళీ నా నిద్ర పాడుచేయకు. లే."

కోడలిని ఆమె మెచ్చుకోవడమంటే అంతకంటే ఉండదు. మైకక్క లేచింది.

మేడ మీద పెద్దాయన, మైకు ముందు ఏం జరిగిందో ఆమెతో మొత్తం చెప్పించుకున్నాడు. గాలి గట్టిగా పీల్చి మొదలుపెట్టానని ఆమె అనగానే తల అడ్డంగా ఊపాడు. కరువు వస్తుందని బస్తాలు నింపుకున్నట్టు పీల్చి ఉంటావు, భుజాలు చెవుల దాకా పోయి ఉంటాయి, అన్నాడు.

"ఊపిరి మీద పంతం పట్టకమ్మా, అది నీకంటే మొండిది. పంతం పట్టాలనుంటే రోజూ ఈ మెట్లెక్కడం మీద పట్టు."

ఆ మాట ఆమె గట్టిగా పట్టుకుంది. అంతలోనే ఆయనకు కంటి ఆపరేషను జరిగి, కొన్నాళ్ళు గది కదలొద్దన్నారు. ఆమె ఒక్కతే ఎక్కసాగింది. మంచు పడిన రోజు శాలువా కప్పుకుని నిలబడింది. వాన పడిన రోజు నీళ్ళ ట్యాంకు కింద, నడుము సగం వంచి అయినా నిలబడింది. ఎదుటి భవనంలోంచి ఎవరెవరో చూశారు. మొదట్లో సిగ్గేసింది, తర్వాత వాళ్ళకే అలవాటైపోయింది.

పోయిన వస్తువుల గదిలో కూడా ఖాళీ దొరికితే నిలబడేది. ఒకరోజు అలా బిందె పట్టు పట్టి, కళ్ళు మూసుకుని ఉండగా ఒక కండక్టరు దొరికిన సంచీ ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం పోయిందక్కా? అంత సైజుది ఏదైనా కనబడితే తెచ్చిస్తా," అన్నాడు.

ఆమె పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి ఆగాక గమనించింది, దగ్గు రాలేదు.

ఎండలు ముదురుతుండగా మళ్ళీ మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఈసారి మధ్యాహ్నం కాదు, పొద్దుటి రద్దీలో ఇమ్మంది. ఆయన తటపటాయించాడు. జనం ముందు మళ్ళీ అలా జరిగితే ఆమెకే చిన్నతనమని నచ్చజెప్పబోయాడు.

"జరిగితే అక్కడే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ చెప్తాను సార్. బస్సు పారిపోదుగా."

మైకు ముందు కూర్చుని మొదట పాదాలు రెండూ నేలకు ఆనించింది. భుజాలు వదిలేసింది. గాలి పీల్చలేదు, రానిచ్చింది. అదే పొడుగు రూటు. సగం స్టాపులు చెప్పి, మాట పూర్తయిన చోట ఒక చిన్న ఊపిరి తీసుకుంది. మళ్ళీ కొన్ని స్టాపులు, మళ్ళీ ఒక ఊపిరి. ఒకే ఊపిరిలో చెప్పే గర్వాన్ని ఆమె అక్కడే వదిలేసింది. వదిలేసినందుకు మనసు ఒక్క క్షణం చివుక్కుమంది కూడా. కానీ కింద ఎవరూ తలెత్తి చూడలేదు. జనం సామాన్లు ఎత్తుకుని, చెప్పిన ప్లాట్‌ఫారం వైపు నడిచారు. ఆమెకు కావలసింది అదే.

మేనేజరు ఆమెకు ఉదయం షిఫ్టు ఇచ్చాడు. సాయంత్రాలు యంత్రానివే. ఇంట్లో ఆ రోజు అత్తగారు, సగం ఉద్యోగానికి ఇంత సంబరమా అంటూనే ఎదురింటావిడకు కబురు మోసింది. పెద్దాయన నల్లద్దాలు పెట్టుకుని బస్టాండుకు వచ్చి, కాసేపు బెంచీ మీద కూర్చుని విని, ఆమెతో మాట్లాడకుండానే వెళ్ళిపోయాడని టీ కొట్టువాడు చెప్పాడు.

ఉదయం షిఫ్టు కనుక ఇప్పుడు ఇంకా ముందే లేవాలి. లేస్తుంది. మైకు తిరిగి వచ్చిందని మేడ మానలేదు. ఒక్కోరోజు ఆయాసం ఇంకా వస్తుంది. ఆ రోజు మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని, తగ్గాక మిగిలినవి ఎక్కుతుంది.

నెల గడిచాక సాయంత్రం షిఫ్టు కూడా ఇమ్మని అడిగింది. మేనేజరు నవ్వి, వానాకాలం వెళ్ళనివ్వండి, అప్పుడు చూద్దాం అన్నాడు.

"చూడండి సార్. నేనూ చూస్తూనే ఉంటాను," అని ఆమె మైకు గదికి మెట్లెక్కింది.